పెట్రోలు ధరలు – మన రాకపోకలు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, కాకినాడలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంధన ధరల పెరుగుదల – ప్రజల ప్రయాణపు అలవాట్లు" అనే విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నన్నే ఎందుకు కోరారో ఊహించగలను. నా సర్వీసులో ఎక్కువ కాలం టి.ఎ. బిల్లులూ, జీపు లాగ్ బుక్కులూ చూసే సెక్షన్‌లోనే గడిచింది. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏ పని మీద వెళ్లారు, వెళ్లకుండానే వెళ్లామని ఎవరు రాశారు అని సరిచూడటమే నా ఉద్యోగం. కనుక ఆర్థికశాస్త్రం జోలికి పోకుండా, లాగ్ బుక్ చూసిన గుమాస్తాగానే నాకు తోచినది మనవి చేస్తాను.

ముందు ధరల చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. ఇక్కడున్న పిల్లలకు ఇది కొత్త, మనకు పాత. 1973 అక్టోబరులో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు చమురు ఎగుమతి బిగించాయి. పీపా సుమారు మూడు డాలర్లున్న ముడిచమురు 1974 జనవరికల్లా పదకొండు దాటింది. పెట్రోలు, కిరసనాయిలు ధరల పెంపుకు నిరసనగా 1973 నవంబరులో వాజపేయిగారు ఎడ్లబండి మీద పార్లమెంటుకు వెళ్లడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1979లో ఇరాన్ విప్లవంతో రెండో దెబ్బ. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించడంతో మూడో దెబ్బ. ఈ మూడోది మన గోదావరి జిల్లాలకు రెండు విధాల తగిలింది. ఆ ఏడాదే పెట్రోలు మీద గల్ఫ్ సర్‌ఛార్జి పడింది. అక్కడ పనికి వెళ్లిన మన వాళ్లు కట్టుబట్టలతో విమానాల్లో తిరిగివచ్చారు. ఒకే ఇంట్లో సంపాదన ఆగిపోవడం, బస్సు చార్జీ పెరగడం ఒకేసారి జరిగాయి.

ఆ రోజుల్లో ధర పెరగడమంటే ఒక సంఘటన. రేడియోలో "ఈ అర్ధరాత్రి నుంచి" అనగానే జనం స్కూటర్లు తీసి బంకు దగ్గర బారులు తీరేవారు. అయిదు లీటర్ల ట్యాంకులో నాలుగు లీటర్లు పోయించుకుని, లీటరుకు ఓ రూపాయి మిగిల్చి, గంటన్నర నిలబడి, విజయగర్వంతో ఇంటికొచ్చేవారు. ఇప్పుడా బారులు లేవు. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజువారీ ధర వచ్చింది. ఏరోజుకారోజు పైసల్లో పెరిగితే బారు తీరేది ఎందుకు? కోపం వచ్చేది ఎవరి మీద? మునుపు ఒక్కసారి రెండు రూపాయలు పెంచితే రాస్తారోకో జరిగేది. అదే రెండు రూపాయలు రోజుకు పాతిక పైసల చొప్పున ఎనిమిది రోజుల్లో పెరిగితే టీ తాగుతూ చదివి కాగితం మడిచి పెడుతున్నాం.

2020లో కరోనా వచ్చి ప్రపంచంలో చమురు కొనేవాడు లేక ముడిచమురు ధర పడిపోయింది. మన బంకుల్లో మాత్రం ఆ మేరకు పడలేదు. ఆ మార్చిలోనూ మే నెలలోనూ కేంద్రం ఎక్సైజు సుంకం పెంచింది. తరవాత ముడిచమురు మళ్లీ లేచేసరికి ఆ సుంకమూ, రాష్ట్రం వ్యాటూ, చమురు ధరా అన్నీ కలిసి 2021లో లీటరు నూరు రూపాయలు దాటింది. ఆ ఫిబ్రవరిలో భోపాల్‌లో కొన్ని పాత పంపులకు మూడంకెల ధర చూపే ఏర్పాటే లేదని ఖరీదు రకం పెట్రోలు అమ్మకం ఆపవలసి వచ్చింది. తయారు చేసినవాడు కూడా ఇంతదాకా వస్తుందని అనుకోలేదన్నమాట. 2021 నవంబరులోనూ, 2022 మే లోనూ కేంద్రం సుంకం కొంత తగ్గించింది కాని, మన దగ్గర నూరుకు దిగువకు రాలేదు.

ఈ చరిత్రకు ఒక కొసమెరుపు ఉంది. మన కాకినాడ తీరానికి ఆవల లోతు సముద్రంలో 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. ముడిచమురు తీయడం మొదలుపెట్టింది. అంతకుముందు 2009 నుంచీ మన తీరంలో గాడిమొగ దగ్గర గ్యాసు ఒడ్డుకు చేరుతోంది. అయినా మన బంకులో ధర మరో జిల్లా బంకులో ధరకు పెద్ద భిన్నంగా ఉండదు. దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా దిగుమతి. చెరువు గట్టు మీద ఇల్లున్నంత మాత్రాన నీటి తీరువా తగ్గదు కదా.

ఇక అలవాట్ల సంగతికి వస్తాను.

మన వాళ్లు లీటర్లలో పెట్రోలు కొనరు, రూపాయల్లో కొంటారు. "వంద కొట్టు" అంటారు. 1990ల మధ్యలో లీటరు ఇరవై రూపాయల చుట్టుపక్కల ఉన్నప్పుడు ఆ వందకు అయిదు లీటర్లు, అంటే స్కూటరుకు నిండు ట్యాంకు వచ్చేది. ఇప్పుడు లీటరు కూడా రాదు. కాని నోట్లోంచి వచ్చే మాట అదే, ఇచ్చే నోటు అదే. ధర పెరిగినప్పుడు పేదవాడి ఖర్చు వెంటనే పెరగదు, వాడు తిరిగే దూరం తగ్గుతుంది. వంద రూపాయలకు కిలోమీటర్లు ఎన్ని వస్తే అన్నే తిరుగుతాడు. గృహస్థుల బడ్జెట్టులో పెట్రోలు పద్దు చూసి "పెద్దగా మారలేదే" అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

బండి కొనేటప్పుడు మన వాళ్లు వేసే మొదటి ప్రశ్న రంగు కాదు, వేగం కాదు. "లీటరుకు ఎంత ఇస్తుంది?" అంటారు. గేదెను బేరమాడేవాడూ ఇదే మాట అడుగుతాడు, పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందని. రెండు బేరాల్లోనూ అమ్మేవాడు చెప్పే అంకె ఇంటికొచ్చాక రాదు. లూనా, తరవాత 1980లో వచ్చిన టి.వి.ఎస్. 50, 1985లో లీటరుకు ఎనభై కిలోమీటర్లని చెప్పుకుంటూ వచ్చిన హీరో హోండా – ఇవన్నీ మన గుమాస్తాల ఇళ్లలోకి వచ్చింది ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగానే. సైకిలు అడ్వాన్సు తీసుకుని సైకిలు కొన్నవాళ్లం, స్కూటరు అడ్వాన్సు దాకా రావడానికి పదేళ్లు పట్టినవాళ్లం. స్కూటరు ఆగిపోతే ఓ పక్కకు వంచి మిగిలిన చుక్కలు ఇంజనులోకి దించి ఇంటికి చేరడం మనకు బాగా తెలిసిన విద్య.

ధర తేడా మనుషుల్ని ఎంత దూరం నడిపిస్తుందో చూడాలంటే మనకు యానాం ఉంది. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి 2022 తరవాత అక్కడ పెట్రోలు మనకంటే లీటరుకు పది రూపాయలకు పైగా తక్కువగా దొరికింది. తాళ్లరేవు వాళ్లు వెళ్లారంటే అర్థం ఉంది. కాకినాడ నుంచి సుమారు ముప్ఫై కిలోమీటర్లు స్కూటరు వేసుకుని వెళ్లి ట్యాంకు నింపుకొచ్చిన కుర్రవాళ్లు నాకు తెలుసు. లెక్క చూడండి. రానూపోనూ అరవై కిలోమీటర్లు. లీటరుకు యాభై ఇచ్చే బండికి లీటరుంబావు దాకా ఖర్చు, అంటే నూటపాతిక రూపాయల మాట. ట్యాంకులో పట్టేది అయిదు లీటర్లు, ఆదా అరవై రూపాయలు. అరవై కోసం నూటపాతిక. అయితే యానాం వెళ్లడానికి పెట్రోలు ఒక్కటే కారణమని నేను అనుకోవడంలేదు. అక్కడ పన్ను తక్కువైన సరుకు మరొకటి కూడా ఉంది. ఆ పద్దు నా లెక్కలో కలపలేదు.

లెక్క సులువు కోసం పెట్రోలు 110, డీజిలు 100 అనుకుందాం. లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే కారులో ఒక్కడే కూర్చుని వెళ్తే కిలోమీటరుకు ఏడు రూపాయలపైన. స్కూటరు మీద ఒక్కడే వెళ్తే రెండు రూపాయల ఇరవై పైసలు. ఇద్దరు వెళ్తే రూపాయి పది. లీటరుకు అయిదు కిలోమీటర్లు నడిచే ఆర్టీసీ బస్సులో యాభైమంది కూర్చుంటే మనిషికి కిలోమీటరుకు నలభై పైసల డీజిలు. కరెంటు స్కూటరుకు పావలా లోపే. అయితే బ్యాటరీ మార్చవలసిన నాడు కట్టేది దానికి కలుపుకోవాలి. ఈ లెక్క ప్రకారం ధర పెరిగిన ప్రతిసారీ జనం కార్లు వదిలి బస్సులెక్కాలి. కాని అలా జరగదు. ఒకసారి స్కూటరెక్కినవాడు బస్సుస్టాపులో నిలబడటానికి ఇష్టపడడు. అదీగాక బస్సు కూడా డీజిలు తాగేదే. 2022 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ డీజిలు సెస్సు వేశాయి. పల్లెవెలుగులో రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో అయిదు. పెట్రోలు బంకు ముఖం ఎన్నడూ చూడని కూలిమనిషి కూడా ఆ విధంగా చమురు ధర కట్టింది.

మరి మనకు డి.ఆర్. వస్తుంది కదా అంటారు. వస్తుంది, అది వచ్చినప్పుడు వస్తుంది. ఇందులో ఒక సాంకేతికమైన సంగతి ఉంది. డి.ఎ. లెక్కకు ఆధారమైన కార్మికుల ధరల సూచీలో "ఇంధనం, వెలుతురు" అని ఒక గుంపు కనబడుతుంది. చాలామంది అందులో పెట్రోలు ఉందనుకుంటారు. అది వంటగ్యాసు, కరెంటు వంటివాటి లెక్క. పెట్రోలు "ఇతరములు" అనే గుంపులో రవాణా కింద, వైద్యం, చదువుల మధ్య ఎక్కడో ఒదిగి ఉంటుంది.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు విషయం.

1974లో నేను ఎల్.డి.సి.గా చేరిన ఆఫీసులో ఒక పెట్రోలు జీపు ఉండేది. లీటరుకు ఏడో ఎనిమిదో కిలోమీటర్లు నడిచేది. దాని లాగ్ బుక్కులో తేది, బయలుదేరిన చోటు, చేరిన చోటు, మీటరు రీడింగు, పని వివరం, ప్రయాణించిన అధికారి సంతకం – ఈ గళ్లుండేవి. చమురు ధర పెరిగాక నెలకు ఇన్ని లీటర్లు మించరాదని సీలింగు వచ్చింది. అంతా సబబుగానే ఉందనిపించింది. నెల తిరిగేసరికి లీటర్లు సీలింగు లోపలే ఉన్నాయి. కాగితం మీద పొదుపు సాధించాం.

కాని "చేరిన చోటు" గడి చూస్తే మరో సంగతి కనబడింది. క్యాంపుల సంఖ్య పెద్దగా తగ్గలేదు. సామర్లకోట, పెద్దాపురం, పిఠాపురం – రోడ్డువార ఊళ్లన్నీ అలాగే ఉన్నాయి. లేకుండాపోయినవి అడ్డతీగల వైపు ఊళ్లు, రాజవొమ్మంగి వైపు ఊళ్లు, గోదావరి లంకలు. దూరం ఎక్కువ, పెట్రోలు ఎక్కువ, పైగా అక్కడివాళ్లు "మీరెందుకు రాలేదు" అని అడగరు. అధికారి రాకపోతే అర్జీదారే కాకినాడ రావాలి. ఏజెన్సీ నుంచి ఒక రైతు రెండు బస్సులు మారి, ఒక రాత్రి సత్రం వరండాలో పడుకుని, మర్నాడు పదిన్నరకు మా సెక్షను ముందు నిలబడేవాడు. జీపు పెట్రోలు మిగిలింది. ఆ రైతు బస్సు చార్జీ, రెండు రోజుల పని ఏ లాగ్ బుక్కులోనూ ఎక్కలేదు.

ప్రతి ప్రయాణానికీ రెండు కొసలుంటాయి. బయలుదేరేవాడిది ఒకటి, అవతల ఎదురుచూసేవాడిది ఒకటి. ధర పెరిగినప్పుడు అందరూ మొదటివాడి జేబు గురించే మాట్లాడతారు. మానుకున్న ప్రయాణం ఎవరి దగ్గరికి వెళ్లవలసినదో ఎవరూ రాసుకోరు. పెరిగిన ధర ఆఫీసు ప్రయాణాన్ని ఆపలేదు, బడికి పిల్లవాణ్ణి దింపే ప్రయాణాన్ని ఆపలేదు, పెళ్లిని కూడా ఆపదు. పెళ్లికి రాకపోతే అడుగుతారు. ఆగిపోయేది అడగనివాళ్ల దగ్గరికి వెళ్లే ప్రయాణం.

కిందటేడు మా ఇంట్లో ఒక నెల రోజులపాటు లాగ్ బుక్ పెట్టాను. మా అబ్బాయి నవ్వాడు, కోడలు మాత్రం శ్రద్ధగా రాసింది. అబ్బాయి మోటారు సైకిలు, కోడలి స్కూటరు, ఎప్పుడైనా తీసే కారు – మూడింటికీ గళ్లు గీశాం. సగానికి పైగా ప్రయాణాలు కిలోమీటరు లోపువే. కొత్తిమీర కట్ట, మందుల షాపు, ఇస్త్రీ బట్టలు. వాటిని ఎవరూ ప్రయాణాలుగా లెక్కపెట్టనందున అవి తగ్గలేదు. మరి తగ్గిందేమిటని అడిగితే ఇద్దరూ ఒకటే చెప్పారు. "పెద్దమ్మగారింటికి ఇదివరకు నెలకోసారి వెళ్లేవాళ్లం, ఇప్పుడు ఫోను చేస్తున్నాం" అన్నారు. పెద్దమ్మగారంటే మా వదినగారు. తునిలో ఒంటరిగా ఉంటారు, ఎనభై దాటాయి. తునికి కారు మీద రానూపోనూ ఎనిమిది లీటర్ల లెక్క. పిల్లల్ని తప్పుపట్టను. ఇంటి వాయిదాలు, చదువులు ఉన్నవాళ్లు. కాని నెలకు ముప్ఫై చిల్లర ప్రయాణాలకు పోయే పెట్రోలు కంటికి ఆనదు, తునికి పోయేది మాత్రం ఒక్కసారిగా కనబడుతుంది. కోత పడేది కనబడేదాని మీదే.

మరికొన్ని ప్రయాణాలు మానలేదు, చేతులు మారాయి. ఇప్పుడు కూరలు, మందులు, టిఫిను కూడా ఫోనులో చెబితే కుర్రాడు తెచ్చిస్తున్నాడు. మన పెట్రోలు మిగిలిందనుకుంటున్నాం. ఆ పెట్రోలు ఆ కుర్రాడు పోయించుకుంటున్నాడు, వాడి రోజు సంపాదనలోంచి. ఆనాడు జీపు బదులు బస్సెక్కిన ఏజెన్సీ రైతు గుర్తొస్తాడు నాకు. అమెరికాలో ఉన్న మన పిల్లలు 2022 జూన్‌లో గాలను అయిదు డాలర్లయిందని ఫోనులో వాపోయారు. అక్కడ చాలా ఊళ్లలో బస్సనేదే లేదు కనుక మానుకునే వీలు కూడా లేదట. వాళ్లు మానుకున్నది కూడా వారాంతంలో స్నేహితుల ఇళ్లకు వెళ్లడమేనని చెప్పారు.

పెన్షనర్లుగా మన సొంత వ్యవహారం ఒకటి చెప్పాలి. ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి ట్రెజరీ వరండాలో చేరేవాళ్లం. బల్లలు చాలక మెట్ల మీద కూర్చునేవాళ్లం, విసుక్కునేవాళ్లం. 2014 నవంబరు నుంచి వేలిముద్రతోనూ, 2021 నుంచి ముఖం ఫోనుకు చూపించీ ఇంటినుంచే పంపే వీలు వచ్చింది. మోకాళ్ల నొప్పులవాళ్లకు ఇది వరమే, నేను కాదనను. కాని ఆ వరండాలోనే ఎవరికి కళ్ల ఆపరేషను అయింది, ఎవరి భార్య పోయింది, ఎవరు ఈ ఏడాది రాలేదు అన్నది తెలిసేది. "రాలేదు" అన్న మాటే మనకు సమాచారం. ఇప్పుడు బతికి ఉన్నామని ప్రభుత్వానికి తెలుస్తోంది, మనకు ఒకరి సంగతి ఒకరికి తెలియడంలేదు.

రైలు మాట కూడా అనుకోవాలి. అరవై దాటిన పురుషులకు నలభై శాతం, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు సగం ఇచ్చే వృద్ధుల రాయితీని 2020 మార్చిలో నిలిపేశారు. కరోనా వేళ అనవసర ప్రయాణాలు తగ్గించడానికన్నారు. అనవసరం అనే మాట ఎంత సులువుగా వృద్ధుల ప్రయాణానికి అతుకుతుందో చూడండి.

చార్జీకీ, చుట్టరికానికీ సంబంధం ఉందా అని అనుమానించేవారికి తిరుగులేని ఋజువు మన బస్సుల్లోనే ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. దానిమీద విమర్శలు ఉన్నాయి. సీట్లు దొరకడంలేదని మన మగవాళ్లే ఎక్కువగా అంటున్నారు, ఆటోవాళ్ల గోడు వేరే. నేను కాంప్లెక్సులో ద్రాక్షారామం బస్సు కోసం నిలబడినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ల మాటలు వింటూ ఉంటాను. అక్కను చూడటానికి వెళ్తున్నవాళ్లు, కూతురి పురుటికి వెళ్లి వస్తున్నవాళ్లు, ఆసుపత్రిలో ఉన్న ఎవరికో క్యారేజీ పట్టుకెళ్తున్నవాళ్లు. ఈ ప్రయాణాలు కొత్తగా పుట్టినవి కావు. ఇన్నాళ్లూ చార్జీ కింద అణిగి ఉన్నవి. మా ఆవిడ సామర్లకోటలో తన చెల్లెలింటికి ఇదివరకు పండక్కి వెళ్లేది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి వెళ్తోంది. నన్ను రమ్మంటే నా టిక్కెట్టు సంగతి గుర్తుచేస్తాను. అరవై దాటినవాళ్లకు మన ఆర్టీసీలో పావువంతు రాయితీయే కదా.

పెట్రోలు పొదుపు గురించి ప్రభుత్వం వేసిన పోస్టర్లు మన ఆఫీసు గోడల మీద ఉండేవి. నలభై అయిదు – యాభై వేగంలో నడపండి, చక్రాల్లో గాలి సరిచూడండి, సిగ్నలు దగ్గర ఇంజను ఆపండి అని. అన్నీ మంచి సలహాలే, నేటికీ పనికొస్తాయి. కాని పోస్టరుకంటే వంతెన ఎక్కువ పెట్రోలు మిగులుస్తుందని మన జిల్లా అనుభవం. ఎదుర్లంక – యానాం మధ్య బాలయోగి వారధి రాకముందు అమలాపురం నుంచి కాకినాడకు బండి మీద రావాలంటే రావులపాలెం చుట్టూ తిరగాలి, లేదా రేవులో పంటు కోసం కాచుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు జిల్లాలయ్యాక రాజోలు పెన్షనరు జిల్లా ఆఫీసు పనికి అమలాపురం వెళ్తే సరిపోతోంది. ఆఫీసు మనిషి దగ్గరికి జరిగితే మనిషి ఆఫీసు దగ్గరికి తిరిగే కిలోమీటర్లు తగ్గుతాయి. జీపు సీలింగు నాడు ఈ ముక్క ఎవరికీ తట్టలేదు.

ఇక మన సంఘం సంగతి. ఈ సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను.

మొదటిది చిన్నది. నెలవారీ సమావేశాలన్నీ కాకినాడలోనే జరుపుకుంటున్నాం. పిఠాపురం, పెద్దాపురం సభ్యుల హాజరు పట్టీ చూడండి, ఏడాదికేడాది సంతకాలు తగ్గుతున్నాయి. మూడు నెలలకోసారైనా సమావేశం వాళ్ల ఊళ్లలో, బస్సు దిగి నడిచిపోయే దూరంలో పెడదాం.

రెండోది. ద్రాక్షారామం దాటి లోపలికి వెళ్తే ఒక పల్లెలో మన సభ్యులొకరున్నారు. పేరు చెప్పను, హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు, ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లు ఈ హాల్లో పదిమందైనా ఉంటారు. తుంటి ఎముక విరిగి అయిదు నెలలుగా మంచం మీద ఉన్నారు. కొడుకు పుణేలో. చూసేది ఆయన భార్య, ఆమెకూ డెబ్బై తొమ్మిది. ఈ అయిదు నెలల్లో మన సంఘం తరఫున వెళ్లినవారు ఇద్దరు. ఆ ఊరు మెయిన్ రోడ్డుకు ఆరు కిలోమీటర్ల లోపల, బస్సు లేదు, ఆటో కట్టించుకుంటే రానూపోనూ అడిగినంత ఇవ్వాలి. అందుచేత ఎవరికివారు "వెళ్లాలండీ" అనుకుంటూ ఉన్నారు. ఆయన ఫోను చేసి ఎవరినీ రమ్మనరు. ఆ తరం మనుషులు అలా అడగరు.

కాకినాడ నుంచి ఆ ఊరికి రానూపోనూ ఎనభై కిలోమీటర్లు. కారులో నలుగురు వెళ్తే పెట్రోలు ఆరు వందలలోపు, మనిషికి నూటయాభై. ఇలాంటి సభ్యుల జాబితా ఒకటి కార్యదర్శిగారి సహకారంతో తయారుచేశాను. మంచం పట్టినవారు, ఒంటరిగా ఉన్నవారు కలిపి పదకొండు మంది. నెలకు ఒక ఆదివారం ఒక కారు బయలుదేరాలి. నూటయాభై ఇవ్వలేనివారు ఇవ్వనక్కరలేదు, సంఘం నిధిలోంచి భర్తీ చేద్దాం. కార్యవర్గం దానికి ఒక పద్దు తెరవాలని కోరుతున్నాను. ఒక లాగ్ బుక్ కూడా పెడదాం. అందులో మీటరు రీడింగు గడి వద్దు. తేది, ఎవరిని చూసివచ్చాం, వారికి ఏం కావాలన్నారు – ఈ మూడు గళ్లు చాలు. ప్రతి సమావేశంలో మొదట అది చదివి, తరవాతే జమాఖర్చులు చదవాలి.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం ఏడున్నరకు మొదటి కారు బయలుదేరుతుంది. కారు మా అబ్బాయిది, నడిపేదీ వాడే. నేను పోగా మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. హెడ్ క్లర్కుగారికి చదువుకోవడానికి పెద్ద అక్షరాల పుస్తకాలు, ఆమెకు షుగరు చూసుకునే మిషనుకు స్ట్రిప్పులు కావాలని తెలిసింది. అవి తేగలిగినవారు, రాదలచినవారు భోజనాల తరవాత నా దగ్గర పేర్లు రాయించండి. కాగితం, పెన్నూ తెచ్చుకునే వచ్చాను.